పదకొండు విధులూ నోటికి వచ్చు, కొళాయి మాత్రం కట్టేయరు

పోరుమామిళ్ల వైపు ఒక ప్రాథమిక బడిలో ఈ మధ్యే చేరిన టీచరమ్మ అడిగిన ప్రశ్న ఇది. మూడు, నాలుగు, ఐదు తరగతులు ఆమె ఒక్కరే చూసుకుంటున్నారు. రాజ్యాంగంలో పౌరులకు చెప్పిన ప్రాథమిక విధులు పదకొండూ చార్టు మీద రాసి గోడకు తగిలిస్తే పిల్లలు వారంలో బట్టీ పట్టేశారట. ఎంఈవో (మండల విద్యాధికారి) గారు వచ్చినప్పుడు గడగడా అప్పజెప్పారు కూడా. అదే రోజు మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడిగి కొళాయి అట్లే వదిలేసి పోయారు, ఒకటో తరగతి పిల్లల్ని తోసేశారు. "మంచి పౌరులుగా తయారు చేయాలంటే ఈ వయసు పిల్లలకు అసలు ఏం చెప్పాలి, ఎట్లా చెప్పాలి?" అని అడిగారు.

అమ్మా, నేను కడప జిల్లాలో ముప్పై ఒక్క ఏళ్లు ప్రాథమిక బడుల్లోనే పనిచేసి రిటైరయ్యాను. మీరు చార్టు తగిలించడంలో తప్పేమీ లేదు, దాన్ని తీసేయకండి. కానీ ఎనిమిదేళ్ల పిల్లకు "ప్రజల ఆస్తిని కాపాడవలెను" అన్న వాక్యం పద్యంలో పాదం లాంటిదే. నోటికి వస్తుంది, చేతికి రాదు. చేతికి రావాలంటే బడిలో నిజంగా అందరిదీ అయిన వ్యవహారం ఒకటి వాళ్లకు అప్పగించాలి. దాని మీద వాళ్లే మాట్లాడుకుని ఒక నిర్ణయానికి రావాలి. ఆ నిర్ణయానికి మనం, అంటే టీచర్లం, కట్టుబడాలి. చాలా బడుల్లో మొదటి రెండూ జరుగుతాయి. మూడోది జరగదు. అది లేకపోతే మొదటి రెండూ నాటకమని పిల్లలకు రెండో వారంలోనే తెలిసిపోతుంది.

మీ కొళాయితోనే మొదలుపెడదాం, ఎందుకంటే మా బడిలోనూ అదే గొడవ. ఒకే పైపుకు ఐదు కొళాయిలు, భోజనం బెల్లు తర్వాత రెండు ఎప్పుడూ కారుతూ ఉండేవి. తిట్టాను, కాపలాకు ఐదో తరగతి పిల్లాణ్ణి పెట్టాను, కాపలావాడు ఉన్నంతసేపే ఫలితం. ఒకసారి తిట్టడం మానేసి, కారే కొళాయి కింద బకెట్ పెట్టమన్నాను. భోజనం బెల్లు నుంచి లాంగ్ బెల్లు దాకా ఎన్నిసార్లు నిండుతుందో లెక్క రాయమన్నాను. ఆ నీళ్లు చెట్లకు పోయాలి. మూడు రోజులు చూడాలి, ఎవరినీ ఏమీ అనకూడదు, చూసింది శనివారం బాలసభలో చెప్పాలి.

శనివారం అందరూ మనం ఊహించే మాటలే చెప్పారు. ఐదు రూపాయలు ఫైను వేయాలి, గోడకుర్చీ వేయించాలి, లీడరును పెట్టాలి. చివర్లో మూడో తరగతి పాప ఒకతి, ఎప్పుడూ నోరు విప్పనిది, లేచి "చిన్నోళ్లకు కొళాయి అందదు టీచర్. ఎగిరి తిప్పుతారు. తిప్పేది వస్తాది, కట్టేసేది రాదు" అంది.

మూడేళ్లుగా ఆ కొళాయి ముందు నుంచి నేను రోజూ నడిచాను. నాకు కనపడనిది ఆ పాపకు మూడు రోజుల్లో కనపడింది. మేం క్రమశిక్షణ అనుకున్నది ఎత్తు సమస్య. మన జిల్లాలో బండకు కొదవేముంది? పక్కన ఇల్లు కడుతున్న మేస్త్రీని పిల్లలే అడిగి ఒక కడప బండ ముక్క తెచ్చి కొళాయిల కింద వేయించారు. ఆ చివరి రెండు కొళాయిలు ఒకటి, రెండు తరగతులకే అని తీర్మానం చేసి గోడ మీద రాశారు.

పది రోజుల తర్వాత నేను ధ్యాసలో లేక నా క్యారియర్ గిన్నెలు ఆ చివరి కొళాయి దగ్గరే కడుగుతున్నాను. వెనక ఒకటో తరగతి పిల్లోడు చెయ్యి ఎంగిలితో నిలబడి, "ఇది మాది టీచర్" అన్నాడు. చుట్టూ పిల్లలంతా నా మొహమే చూస్తున్నారు. గిన్నెలు తీసుకుని పక్కకు జరిగాను. మర్నాడు ప్రార్థన దగ్గర "నిన్న నేను రూలు తప్పాను, వాడు గుర్తు చేశాడు" అని అందరి ముందూ చెప్పాను. ఆ తర్వాత కొళాయి గురించి నేను మళ్లీ మాట్లాడాల్సిన పని పడలేదు. టీచరు కూడా జరగాల్సిందే అని తెలిసిన రూలునే పిల్లలు తమ రూలు అనుకుంటారు.

ఇక ఎన్నికలు. చాలా బడుల్లో క్లాసు లీడరును టీచరే పెడతారు, సాధారణంగా బాగా చదివే పిల్లనో, గట్టిగా అరిచే పిల్లోడినో. మీరు ఎన్నిక పెట్టండి. కానీ పెట్టే ముందు, ఓటు రహస్యంగా ఎందుకు ఉండాలో పిల్లలు తమ కళ్లతో చూడాలి. ఒక శనివారం ఖోఖోనా, కబడ్డీనా అని చేతులెత్తమన్నాను. అందరూ ముందు ఐదో తరగతిలో పెద్ద పిల్లోడి వైపు చూసి, వాడు ఎత్తాక ఎత్తారు. కబడ్డీ గెలిచింది. వెంటనే అదే ప్రశ్నకు చీటీల మీద గుర్తు పెట్టి మడిచి డబ్బాలో వేయమంటే ఖోఖో గెలిచింది. తరగతి మొత్తం నోరు తెరుచుకుని చూసింది. ఆ తర్వాత బ్యాలెట్ అంటే ఏమిటో నేను వివరించే అవసరం లేకపోయింది. మన రాష్ట్రంలో పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి, 2021లో కాగితపు బ్యాలెట్లతోనే జరిగాయి కాబట్టి పిల్లలు ఇంట్లో విన్నదానికీ దీనికీ సరిగ్గా కుదురుతుంది. వేలికి సిరా చుక్క తప్పకుండా పెట్టండి. వాళ్లకు అదే పెద్ద పండుగ. ఆ సిరా మైసూరులో తయారవుతుందనీ, 1962 సాధారణ ఎన్నికల నుంచి వాడుతున్నారనీ చెప్పండి. ఒక మనిషికి ఒకటే ఓటు అన్న మాట ఆ చుక్కలోనే ఉంది.

ఎన్నికైన లీడరుకు చేతిలో ఏదో ఒకటి ఉండాలి. మా బడిలో ఆటసామాన్ల పెట్టె ఇచ్చాం. ఒక బంతి, రెండు స్కిప్పింగ్ తాళ్లు, రింగు. ఒక ఏడు అంగడి పెట్టుకున్న వాళ్ల పిల్లోడు నిలబడి, ముందురోజు సాయంత్రం అందరికీ రూపాయి చాక్లెట్లు పంచాడు. నాకు తెలిసి ఆపబోయాను. అప్పుడు నాలుగో తరగతి పిల్ల నాతో నెమ్మదిగా "తీసుకునేది వేరు, ఏసేది వేరు టీచర్. మా ఇంట్లో అట్లనే అంటారు" అంది.

ఇక్కడ మీరు జాగ్రత్తగా ఉండాలి. మీ అమ్మానాన్నలు చేసేది తప్పు అని పిల్లల ముందు అనకండి. ఆ మాట ఇంటికి వెళ్తుంది, ఇంట్లో పెద్దలు చిన్నబోతారు, పిల్ల రెండు వైపులా నలిగిపోతుంది. నేనేమీ అనలేదు, ఎన్నిక జరగనిచ్చాను. చాక్లెట్ల పిల్లోడే గెలిచాడు. రెండు వారాలు తిరక్కుండానే బంతి వాడి స్నేహితుల చేతిలోనే ఉండిపోయింది. మిగతావాళ్లు అడిగితే వాడు "చాక్లెట్ తినలేదా మీరు?" అన్నాడు. బాలసభలో ఆ మాట బయటికి వచ్చినప్పుడు తరగతి నిశ్శబ్దమైపోయింది. చాక్లెట్ ఒక్క నిమిషంలో కరిగింది, బంతి నెల రోజులు లేదు అని లెక్క వాళ్లే వేసుకున్నారు. ఎవరి ఆట ఎప్పుడో గోడ మీద రాయాలని, లీడరు పదవి నెలకే అని, సగం మందికి పైగా అడిగితే ముందే మళ్లీ ఎన్నిక పెట్టాలని రూలు రాశారు. ఆ పిల్లోణ్ణి నేను ఒక్క మాట అనలేదు. వాడి దస్తూరి బాగుంటుంది, గోడ మీద ఆటల పట్టిక రాసే పని పిల్లలు వాడికే ఇచ్చారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. పటాల పాఠం. తరగతి గది పటం, బడి పటం, ఆ తర్వాత ఊరి పటం అని పుస్తకంలో వరసగా ఉంటుంది. ఐదో తరగతికి ఊరి పటం గీయమని ఇచ్చాను. ఒక పిల్లోడు చాలా శ్రద్ధగా గీశాడు. రామాలయం, పీర్ల చావిడి, రచ్చబండ, పంచాయతీ ఆఫీసు, పాల కేంద్రం, బడి, చివరికి ట్రాన్స్‌ఫార్మర్ కూడా. అంతా బాగుంది, వాడి ఇల్లు లేదు. ఇల్లే కాదు, వాళ్ల కాలనీయే లేదు. "మీ ఇల్లు ఏదిరా?" అంటే తల దించుకుని, "అది ఊర్లో రాదు గదా టీచర్" అన్నాడు.

మన భాషలో ఊరు, వాడ అని రెండు మాటలు ఉన్నాయి. ఆ పిల్లోడు మన భాషను సరిగ్గానే అర్థం చేసుకున్నాడు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిందని వాడు చదివాడు, పరీక్షలో మార్కు కూడా వచ్చింది. కానీ వాడు తన చేత్తో గీసిన ఊళ్లో వాడికి చోటు లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు పటం తిరిగి గీయమనలేదు. తరగతి మొత్తాన్ని తీసుకుని వాళ్ల కాలనీకి వెళ్లాం. పటం అక్కడి నుంచి మొదలుపెట్టాం. వాటర్ ట్యాంకు, చర్చి, ఎవరి ఇంటి ముందు వేపచెట్టు ఉందో, ఎన్ని బోరింగులు పనిచేస్తున్నాయో, అన్నీ రాసుకుంటూ అడుగులు లెక్కపెట్టుకుంటూ బడి దాకా వచ్చాం. ఆ పిల్లోడే దారి చూపించాడు. నేల మీద ముగ్గుపిండితో పెద్ద పటం వేస్తే కాలనీ ఒక పక్కన, ఊరు ఒక పక్కన, మధ్యలో బడి వచ్చింది. ఆ రోజు నుంచి ఏ బడిలో పనిచేసినా ఊరి పటాన్ని నేను ఊరి చివరి ఇంటి నుంచే మొదలుపెట్టించాను. మీరూ అట్లా చేసి చూడండి. పటంలో ఎవరెవరు లేరో వెతకడమే ఆ పాఠంలో సగం.

దీనికి సంబంధించి మీకు గట్టిగా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. స్కాలర్‌షిప్పులకో, ఏదో ఒక ప్రొఫార్మాకో లెక్క కావాల్సి వచ్చినప్పుడు "ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి, బీసీలు చేతులెత్తండి" అని తరగతిలో అడగకండి. చాలామంది టీచర్లు చెడ్డ ఉద్దేశం లేకుండానే, తొందరలో అడిగేస్తారు. వివరాలన్నీ అడ్మిషన్ రిజిస్టరులో ఉంటాయి, పది నిమిషాలు ఓపిక పడితే దొరుకుతాయి. ఆ ఒక్కసారి లేచి నిలబడింది పిల్లలు పెద్దయినా మర్చిపోరు. భోజనం దగ్గర పిల్లలు ఎట్లా కూర్చుంటున్నారో కూడా గమనించండి. మీరు రోజూ ఒక్కో వరసలో పిల్లల మధ్య కూర్చుని తింటే ఉపన్యాసం ఇవ్వకుండానే చాలా సర్దుకుంటుంది. కసువు ఊడ్చే పని ఆడపిల్లలకే, కుర్చీలు మోసే పని మగపిల్లలకే పోతుంటే ఒక పట్టిక వేసి తిప్పండి.

ప్రతిజ్ఞ సంగతి. రోజూ చెయ్యి చాచి చెప్పేదే, అర్థం ఎవరూ అడగరు. "సహోదరులు" అంటే ఒకే కడుపున పుట్టినవాళ్లు అని ఒకసారి విడమర్చి చెప్పాను. "అందరూ ఒకే కడుపున ఎట్ల పుడ్తారు టీచర్?" అని ఒకడు అడిగాడు. ఆ ప్రశ్న మీద ఒక పీరియడ్ గడిచింది, అంత మంచి పీరియడ్ ఆ ఏడాది మళ్లీ రాలేదు. ఆ ప్రతిజ్ఞను 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా పనిచేస్తున్న పైడిమర్రి వెంకట సుబ్బారావు తెలుగులో రాశారనీ, అది దేశమంతా వెళ్లిందనీ చెబితే పిల్లలకు గొప్పగా ఉంటుంది. సహోదరులు అన్న మాటకు మన జిల్లాలోనే కళ్ల ముందు కనిపించేది ఉంది. ఉగాది రోజు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లిం కుటుంబాలు వచ్చి మొక్కులు తీర్చుకుంటాయి, స్వామి భార్య బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ అన్న నమ్మకంతో. మన ఊళ్లలో పీర్ల పండుగకు హిందువులు పీర్లకు మొక్కుతారు. ఇవి పిల్లలు చూస్తూ పెరిగినవే. ఇంట్లో అడిగి తెలుసుకుని వచ్చి చెప్పమనండి, అది చాలు.

పంచాయతీ పాఠానికి సర్పంచిని బడికి పిలవండి. సర్పంచి మహిళ అయితే ఆమెనే పిలవండి. మా ఊళ్లో పిల్లలు సర్పంచి ఎవరంటే ఆమె భర్త పేరు చెప్పేవారు. స్థానిక సంస్థల్లో మన రాష్ట్రంలో సగం పదవులు మహిళలకు కేటాయించారని పుస్తకంలో చదివిన పిల్లలే. పిల్లల చేత ఆమె పేరుతోనే ఉత్తరం రాయించి పంపాను. ఆమె వచ్చారు. మొదట మొహమాటపడ్డారు, తర్వాత వీధిదీపాల సంగతి అడిగితే ఏ వీధిలో ఎన్ని వెలగడం లేదో లెక్కతో సహా చెప్పారు. కాలనీలో ఒక బోరింగు చెడిపోయి ఉందని పటం చూపించి పిల్లలు అడిగారు. అది బాగవడానికి మూడు నెలలు పట్టింది, ఈలోగా పిల్లలు రెండు ఉత్తరాలు రాశారు. మూడు నెలలు పట్టడం కూడా వాళ్లు తెలుసుకోవాల్సిందే.

మార్కులు, సిలబస్ టెన్షన్ మీకు ఉంటుందని తెలుసు. వారానికి ఒక శనివారం పీరియడ్ దీనికి చాలు. ఇంకో పని చేయండి. మీ చార్టు కింద ఖాళీ కాగితాలు అంటించి, బడిలో ఏదైనా జరిగినప్పుడు అది ఏ విధి కిందికి వస్తుందో పిల్లల చేతే రాయించండి. ప్రజల ఆస్తి కింద కొళాయి వస్తుంది, సోదరభావం కింద పటం వస్తుంది. పదకొండో విధి పిల్లలది కాదనీ, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని చదివించే బాధ్యత తల్లిదండ్రులదనీ చెప్పండి. మొదటి పదీ 1976లో వస్తే, దాన్ని 2002లో చేర్చారు. బుడ్డలు (వేరుశనగ) పీకే కాలంలో బడి మానిన ఒక పిల్ల ఇంటికి మా ఐదో తరగతి పిల్లలు ఆ పదకొండో విధిని చీటీ మీద రాసుకుని వెళ్లారు. వాళ్ల నాయన చదివి, మర్నాడు తనే తీసుకొచ్చి దించాడు.

చివరగా, మీరు పోరుమామిళ్ల పక్కనే ఉన్నారు కాబట్టి ఇది వదులుకోకండి. అక్కడి చెరువు 1369 నాటిది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని కూడా అంటారు, కట్టించాడు. భైరవాలయం ముందు శాసనం వేయించాడు. భాష సంస్కృతం, లిపి తెలుగు. చెరువు కట్టడానికి కావాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో వివరంగా ఉన్నాయి. నీటి శాస్త్రం తెలిసిన మనిషి ఉండాలి, గట్టి నేల ఉండాలి, దగ్గరలో రాయి దొరకాలి, పని తెలిసిన కూలీలు ఉండాలి. కట్ట నీరు కారకూడదు, నేల చవుడు కాకూడదు, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండకూడదు. సాంఘికశాస్త్రం అంటే రాజుల పేర్లు అనుకునే పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

మేం ముందు బడిలో ఆ ఆరు దోషాలు రాసుకుని మా ఊరి చెరువు దగ్గరికి వెళ్లి ఒక్కొక్కటే సరిచూశాం. తూము ఎక్కడుంది, చెరువు నిండితే నీళ్లు పొర్లే మరవ ఎటు పారుతుంది, నీళ్లు ముందు ఎవరి మడికి పోతాయి, అన్నీ ఒక ముసలాయన దగ్గరుండి చెప్పాడు. ఒకప్పుడు ఆయన తండ్రి నీరుగంటి, అంటే చెరువు నీళ్లు మడులకు వదిలే మనిషి. సరిహద్దు దోషం ఎందుకు అని అడిగితే పిల్లలు ఒక్క క్షణం ఆలోచించకుండా "కొట్లాట అయితాది" అన్నారు. పోరుమామిళ్ల చెరువుకు వెయ్యి మంది కూలీలు రెండేళ్లు పనిచేశారనీ, వంద బండ్లు రాళ్లు మోశాయనీ శాసనంలోనే ఉంది. అది చెప్పినప్పుడు వెనక కూర్చున్న పిల్ల ఒకతి, వాళ్ల అమ్మానాన్న ఉపాధి పనికి వెళ్లేవాళ్లు, "ఆ వెయ్యి మంది పేర్లు ఎందుకు రాయలేదు టీచర్?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పిల్లలే ఆ వారం తమ ఊరి చెరువు పూడిక తీసినవాళ్లను అడిగి పేర్లు రాసుకొచ్చారు. నాలుగు పేజీలు వచ్చాయి. బడి బీరువాలో పెట్టాం.

మీరు వెళ్లేటప్పుడు జనవరి తర్వాత, ఎండ ముదరక ముందు వెళ్లండి. తల్లిదండ్రుల కమిటీ నుంచి ముగ్గురు నలుగురు తల్లుల్ని వెంట పిలవండి. కట్ట మీద నీళ్ల వైపు ఏ పిల్లనూ నడవనివ్వకండి. హెచ్ఎం గారి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, నీళ్ల బాటిళ్లు మర్చిపోకండి. ఈ శనివారానికి మాత్రం కారే కొళాయి కింద ఒక బకెట్ పెట్టి చూడండి. పిల్లలు ఏం చెప్పారో ఇక్కడ రాస్తే నేను తప్పకుండా చదువుతాను.